గదిలో పట్టని పెట్టె

మధ్యాహ్నం రెండు గంటలవేళ భిలాయి టౌన్‌షిప్‌లో వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మనుషులు కిటికీలకు దుప్పట్లు కట్టుకొని నిద్రపోతుంటారు. వారి పిల్లలు చిన్ననాటినుంచే చప్పుడు కాకుండా తలుపు వేయడం, గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకొంటారు. పగటి నిద్రకు అంత మర్యాద ఇచ్చే ఊళ్లు మన దేశంలో ఎక్కువ లేవు.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలెన్నో ఆ సెక్టార్లలో స్థిరపడ్డాయి. అటువంటి ఒక కుటుంబం మా పక్క క్వార్టరులో ఉండేది. తండ్రి కర్మాగారంలో ఉద్యోగి. కొడుకు చదువుకొంటూనే, వినాయక నవరాత్రులలో పందిళ్ల వద్ద వాయించే ఒక చిన్న ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు.

అతని వద్ద పన్నెండంగుళాల స్పీకరున్న ఒక ఆంప్లిఫయరు పెట్టె ఉండేది. దాని ధ్వని తగ్గించి వాయిస్తే గిటారుకు ప్రాణం ఉండదు. పెంచితే రెండు క్వార్టర్ల అవతల పడుకొన్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. ఒకనాడు అలాగే ఒక పెద్దమనిషి లేచి వచ్చి, ఎర్రబడిన కళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన కేకలు వేయలేదు. "బాబూ, రాత్రంతా నిలబడి వచ్చాను" అన్నాడు, అంతే. ఆ సాయంత్రం తండ్రి కొడుకుతో, "ఈ నెలాఖరు వరకు చూస్తాను. ఆ తరువాత ఆ పెట్టె అమ్మేద్దాం" అని తేల్చి చెప్పాడు.

కుర్రవాడు గిటారును కంప్యూటరుకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొన్నాడు. వినిపించిన శబ్దం రేకుడబ్బాలో కందిరీగలను మూసినట్టు ఉంది. స్పీకరు పెట్టెను అనుకరించే పరికరం ఒకటి ఉంటేగాని ఆ రొద పోదని స్నేహితులు చెప్పారు. అటువంటి వాటి జాబితా ఒకటి తయారుచేసుకొని నా వద్దకు వచ్చాడు. జాబితా కొండవీటి చాంతాడంత ఉంది. కొన్ని ఉచితం. కొన్నింటి వెల వింటే మరొక గిటారు కొనవచ్చుననిపిస్తుంది.

"మావయ్యా, వీటిలో ఏది మంచిది?" అన్నాడు.

ఈ ప్రశ్న అతని ఒక్కడిది కాదు. అపార్ట్‌మెంట్లలో, హాస్టళ్లలో, ఇరుకు ఇళ్లలో గిటారు నేర్చుకొనే వేలాది యువకులది. సమాధానం చెప్పాలంటే ముందు అసలు ఆ పెట్టె ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

గిటారుకు కుండ

వీణను తీసుకోండి. తంత్రి కంపించినంతమాత్రాన మనకు వీణానాదం వినిపించదు. ఆ కంపనం గుర్రం మీదుగా కుండలోకి దిగి, పనసకొయ్య గోడలను కదిలించి, లోపలి గాలిని కదిలిస్తే అప్పుడు నాదం పుడుతుంది. తంత్రి పుట్టించిన స్వరాలలో దేనిని పెంచాలో, దేనిని అణచాలో ఆ కుండ నిర్ణయిస్తుంది. బొబ్బిలి వీణకు ఆ మాధుర్యం అబ్బడానికి ఒకే కొయ్యలో కుండను తొలిచే పనితనం ఒక కారణం. భిలాయి కర్మాగారంలోనే ఉద్యోగం చేస్తూ పండవానీ గానాన్ని ప్రపంచానికి వినిపించిన తీజన్‌బాయి చేతిలోని తంబూరా నాదానికీ అటువంటి ఆధారమే ఉంది.

ఎలక్ట్రిక్ గిటారుకు ఈ కుండ లేదు. దాని ఒళ్లు సాధారణంగా గట్టి కొయ్యపలక. ఉక్కు తంత్రులు అయస్కాంతం ఎదుట కంపించి తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తాయి. ఆంప్లిఫయరు దానిని పెంచుతుంది. చివరకు స్పీకరు, దానిని బిగించిన కొయ్యపెట్టె కలిసి ఆ విద్యుత్తును నాదంగా మారుస్తాయి. అంటే ఆ పెట్టెయే ఎలక్ట్రిక్ గిటారుకు కుండ.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇంటిలో పాటలు వినే స్పీకరు తన వద్దకు వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు అందించాలని ప్రయత్నిస్తుంది. గిటారు స్పీకరు అలా కాదు. సుమారు 5,000 హెర్ట్జ్‌లు దాటిన శబ్దాలను అది బాగా తగ్గించివేస్తుంది. అడుగున 80 హెర్ట్జ్‌ల ప్రాంతం దాటి కిందికి పోదు. గిటారులోని అతిమంద్ర తంత్రి పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్‌లు కనుక అంతకు మించి అవసరమూ లేదు. మధ్యస్థాయిలో కొన్ని స్వరాలను ఎత్తి చూపుతుంది. శాస్త్రం ప్రకారం ఇవన్నీ లోపాలే. కాని ఆంప్లిఫయరును తీవ్రంగా పని చేయించినప్పుడు పుట్టే ముళ్లవంటి పైశబ్దాలను ఈ లోపమే వడగట్టి, చెవికి ఇంపుగా చేస్తుంది. కంప్యూటరులో కుర్రవాడు విన్నది వడగట్టని శబ్దం. కందిరీగలు అందులోవే.

పెట్టెకూ పెట్టెకూ స్వభావం వేరు. ఇంగ్లండులో మార్షల్ సంస్థ పేరుతో ప్రసిద్ధికెక్కిన పెట్టె వెనుకవైపు పూర్తిగా మూసి ఉంటుంది. నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లు ఉంటాయి. దాని శబ్దం గుండెకు తగిలేలా ముందుకు దూకుతుంది. అమెరికాలోని ఫెండర్ సంస్థ చేసిన అనేక ఆంప్లిఫయర్లలో వెనుకవైపు తెరిచి ఉంటుంది. శబ్దం రెండు దిక్కులకూ పరచుకొంటుంది. వాక్స్ సంస్థ ఏ.సి. 30 అనే ఆంప్లిఫయరు వెనుక కూడా తెరిచినదే. దానిలోని రెండు సెలెస్టియన్ స్పీకర్ల మిలమిల మరొక తీరు. సెలెస్టియన్‌వారే 1986లో తెచ్చిన వింటేజ్ 30 అనే స్పీకరు ధ్వని ఈనాటికీ ఎన్నో రికార్డులలో వినిపిస్తుంది. ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క కుండ.

తట్టి చూడడం

ఈ స్వభావాన్ని కంప్యూటరులోకి ఎలా ఎక్కిస్తారు?

సంతలో మట్టికుండ కొనే ఇల్లాలు ఏం చేస్తుంది? వేలిముడుపుతో ఒకసారి తట్టి వింటుంది. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే బీట వారింది. రైల్వే స్టేషన్లలో చక్రాలను సుత్తితో కొట్టుకొంటూ పోయే ఉద్యోగిని పెద్దవారు చూసే ఉంటారు. భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలను ఈనాడు మన చెవికి అందని అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. పద్ధతి మారినా సూత్రం దాదాపు ఒక్కటే. వస్తువుకు ఒక శబ్దాన్ని ఇచ్చి, తిరిగి వచ్చినదానిని వినడం.

స్పీకరు పెట్టెను కూడా అలాగే తట్టుతారు. అత్యంత స్వల్పకాలం ఉండే ఒక 'టక్'మనే విద్యుత్తు స్పందనను పెట్టెకు పంపితే, అది తన స్వభావాన్ని అనుసరించి కొద్దికాలం మోగి ఆగుతుంది. ఎదుట పెట్టిన మైకు ఆ మోతను నమోదు చేస్తుంది. దీనినే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. తెలుగులో తట్టుముద్ర అనుకొందాం. నిజానికి ఒక్క దెబ్బలో చాలినంత శక్తి ఉండదు కనుక, మంద్రంనుంచి తారానికి క్రమంగా ఎక్కే ఒక ఈలను వినిపించి, దానినుంచి గణితం ద్వారా తట్టుముద్రను రాబడతారు. ఇటలీకి చెందిన ఆంజెలో ఫరీనా 2000లో వివరించిన పద్ధతి ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉంది.

తట్టుముద్ర చేతికి వచ్చాక మిగిలింది లెక్కే. గిటారు శబ్దాన్ని సెకనుకు 48,000 తునకలుగా కోస్తారు. ప్రతి తునకనూ ఒక చిన్న దెబ్బగా భావించి, ఆ దెబ్బకు పెట్టె ఎలా మోగి ఉండేదో లెక్కగట్టి, అన్ని మోతలనూ కలుపుతారు. తట్టుముద్రలో 2,048 అంకెలు ఉన్నాయనుకొంటే, అది సెకనులో సుమారు ఇరవైమూడవ వంతు కాలపు మోత. దానితో తిన్నగా గుణిస్తూ పోతే సెకనుకు 9 కోట్ల 83 లక్షల గుణకారాలు చేయాలి. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన శీఘ్రగణన పద్ధతి ఈ భారాన్ని ఎంతో తగ్గించింది. ఆ లెక్క వల్ల శబ్దం ఆలస్యం కాకుండా చూసే ఉపాయాన్ని 1995లో విలియం గార్డ్‌నర్ ప్రకటించాడు. ఈనాటి సామాన్యమైన కంప్యూటరుకు ఇది చీమకు చక్కెర పలుకు మోసినంత పని.

ఈ మార్గం తెరుచుకోకముందే సంగీతకారుల అవసరం తన దారి తాను వెదుక్కొంది. బోస్టన్ అనే వాద్యబృందపు గిటారిస్టు, ఇంజనీరు అయిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ అనే చిన్న పరికరాన్ని తెచ్చాడు. నడుముకు తగిలించుకొని, హెడ్‌ఫోన్లలో వింటూ వాయించుకోవచ్చు. న్యూయార్క్‌లోని టెక్ 21 సంస్థ 1989లో శాన్స్‌ఆంప్‌ను తెచ్చింది. ఇవి తట్టుముద్రలు కావు. విద్యుత్ వలయాలతో పైశబ్దాలను వడగట్టిన జల్లెడలు. 1998లో లైన్ 6 సంస్థ పాడ్ అనే అంకాత్మక పరికరంతో ఆంప్లిఫయరునూ పెట్టెనూ లెక్కలుగా మార్చి ఇంటింటికీ చేర్చింది. నిద్రపోయేవారి ఇంటిలో గిటారు వాయించాలన్న సమస్య భిలాయి కుర్రవాడికన్నా ఎంతో పాతదన్నమాట.

జాబితా విడదీయడం

కుర్రవాడి పొడవైన జాబితాను మేము నాలుగు కుప్పలుగా విడదీశాం.

మొదటిది, తట్టుముద్రను లోనికి తీసుకొని లెక్క మాత్రం చేసిపెట్టేవి. ఇటలీలోని ఇగ్నైట్ ఆంప్స్‌వారి నాదిర్ ఇటువంటిది, పైగా ఉచితం. ముద్ర మీరు తెచ్చుకోవాలి. సెలెస్టియన్ సంస్థ తన స్పీకర్ల ముద్రలను తానే 2017నుంచి అమ్ముతున్నది. ఔన్‌హ్యామర్ వంటి చిన్న సంస్థలు కూడా అమ్ముతాయి. ఉచితంగా దొరికేవీ అనేకం.

రెండవది, మైకును జరపగలిగేవి. ఒక్కొక్క పెట్టెకు అనేక స్థానాలనుంచి తీసిన ముద్రలను కూర్చి, తెరమీద మైకు బొమ్మను జరిపితే శబ్దం మారేటట్టు అమరుస్తారు. ఫ్రాన్సులోని టూ నోట్స్‌వారి జీనోమ్, ఇటలీలోని ఐ.కె. మల్టీమీడియావారి ఆంప్లిట్యూబ్ 5 ఈ కోవకు చెందినవి. లైన్ 6 సంస్థ తన హీలిక్స్ పరికరాలకు 2022లో ఇటువంటి ఏర్పాటునే కొత్తగా చేర్చింది.

మూడవది, స్పీకరు అలసటను కూడా అనుకరించేవి. గట్టిగా కొట్టినప్పుడు కాగితపు శంఖువు మెత్తగా కొట్టినప్పటిలాగే కదలదు. తట్టుముద్రకు ఈ తేడా తెలియదు. అది ఒక్క దెబ్బకు వచ్చిన ఒక్క జవాబు. సెలెస్టియన్‌వారి స్పీకర్‌మిక్స్ ప్రో ఈ లోటును తీర్చే ప్రయత్నం.

నాలుగవది, ఆంప్లిఫయరునూ పెట్టెనూ కలిపి ఒకే మూసలో పట్టేవి. 2011లో వచ్చిన జర్మన్ పరికరం కెంపర్ ప్రొఫైలర్ ఈ దారి చూపింది. స్టీవెన్ ఆట్కిన్సన్ రూపొందించి ఉచితంగా విడుదల చేసిన న్యూరల్ ఆంప్ మోడలర్ అదే పనిని కంప్యూటరుకు నేర్పి చేయిస్తుంది.

నిశ్శబ్దం చెప్పిన తీర్పు

కుప్పలు తేలాయి కాని, మంచిచెడ్డలు ఇంకా తేలలేదు. ఎవరి ప్రకటన చూసినా తమ లెక్కయే నిజమైన పెట్టెకు దగ్గర అంటుంది. మేము ఒక ఆదివారం పరీక్షకు కూర్చొన్నాం.

కుర్రవాడు ఒక చరణం వాయించి, పెట్టె ప్రమేయం లేకుండా నమోదు చేశాడు. ప్రతిసారీ కొత్తగా వాయిస్తే చేతి తేడా కలుస్తుంది కనుక అన్ని పరికరాలకూ అదే చరణం ఇచ్చాం. తరువాత అన్నింటి ధ్వనిని సమానం చేశాం. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే మిగిలిన పరీక్ష అంతా వృథా. రెండు శబ్దాలలో కొంచెం పెద్దగా వినిపించేదే మంచిదని మన చెవి తీర్పు చెబుతుంది. అది చెవి బలహీనత. అమ్మేవారికి అది బాగా తెలుసు.

మొదట ఉచితమైన పరికరం ఒకటి, వెలగల పరికరం ఒకటి తీసుకొన్నాం. రెండింటిలోనూ ఒకే తట్టుముద్రను వేశాం. వెలగలదానిలో లోతు ఎక్కువగా ఉందన్నాడు కుర్రవాడు. పేర్లు కనిపించకుండా తెర మూసి మళ్లీ వినిపించాను. ఈసారి ఉచితమైనదానిలో లోతు ఉందన్నాడు. మూడవసారి ఏమీ అనకుండా నా ముఖంలోకి చూశాడు.

అప్పుడు ఒక పాత కిటుకు ప్రయోగించాం. రెండు నమోదులలో ఒకదానిని తలకిందులు చేశాం. అంటే ఒకదానిలో తరంగం పైకి లేచినచోట రెండవదానిలో అంతే కిందికి దిగుతుంది. రెండింటినీ కలిపి వినిపిస్తే, సమానమైనదంతా పరస్పరం రద్దయి, తేడా మాత్రం మిగలాలి. హెడ్‌ఫోన్లు కుర్రవాడికి ఇచ్చి మీట నొక్కాను.

చాలాసేపు అలాగే కూర్చొన్నాడు. "మావయ్యా, ఏమీ వినిపించడం లేదు" అన్నాడు.

వినిపించకపోవడమే జవాబు. ఒకే ముద్రను ఇచ్చినప్పుడు ఆ రెండు పరికరాలూ చేసిన లెక్క ఒక్కటే. పన్నెండును పన్నెండుతో గుణిస్తే బంగారు పలకమీద వేరొక జవాబు రాదు. అయితే ఈ పరీక్షకు షరతులున్నాయి. రెండు ధ్వనులూ సమానంగా ఉండాలి, ఒక్క తునక కూడా ఆలస్యం ఉండకూడదు, ఏ పరికరమూ ముద్రను మధ్యలో కత్తిరించకూడదు. చవకరకం పెడల్ పరికరాలు కొన్ని 512 లేదా 1,024 అంకెల వద్ద ముద్రను తెంచివేస్తాయి. అప్పుడు అడుగు స్వరాల బిగువులో కొంత తేడా నిజంగానే వస్తుంది.

తరువాత పరికరాన్ని మార్చకుండా, ఒకే పెట్టెకు చెందిన రెండు ముద్రలు తీసుకొన్నాం. ఒకదానిలో మైకు స్పీకరు నడుమ ఉన్న టోపీకి ఎదురుగా ఉంది. రెండవదానిలో అంచువైపు కొద్ది అంగుళాలు జరిగి ఉంది. రెండింటిలోనూ మైకు ఒక్కటే, 1965నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్.ఎం. 57. ఈసారి తెర మూయవలసిన అవసరం రాలేదు. మొదటిది సూదిలా గుచ్చింది, రెండవది కంబళి కప్పుకొని పలికింది. కుర్రవాడి తల్లి వంటింటినుంచి వచ్చి ఒకసారి విని, "ఇవి రెండు వేరు గిటార్లా?" అని అడిగింది.

మా పరీక్షలో తేలిన విషయం ఇదొక్కటే. లెక్క చేసే పరికరాల మధ్య తేడా చాలా తక్కువ. తట్టిన చేతుల మధ్య తేడా చాలా ఎక్కువ. ఏ పెట్టెను, ఏ మైకుతో, ఎక్కడ నిలబడి, ఎంత శ్రద్ధగా తట్టారన్నదే శబ్దం. కనుక డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మంచి ముద్రకు పెట్టాలి గాని, గుణకారానికి కాదు. మైకును జరపగలిగే పరికరానికి వెల చెల్లించడంలో అర్థముంది. ఎందుకంటే అక్కడ మీరు కొంటున్నది వందలాది ముద్రలు, వాటిని వెదికే సౌలభ్యం. కాని ముద్రల సంఖ్యను చూసి మోసపోరాదు. వేయి ముద్రలున్నవాడు వాయించడం మానేసి వినడంలోనే నెలలు గడిపివేస్తాడు. నాలుగింటిని ఎంచుకొని మిగిలినవి తీసివేయడం మేలు.

నాలుగు జాగ్రత్తలు

ఈ దారిలో కొత్తవారు తరచు పడే గోతులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, పెట్టెకు పెట్టె తగిలించడం. ఆంప్లిఫయరుతోపాటు పెట్టెను కూడా పట్టిన మూసకు మరొక తట్టుముద్ర తగిలిస్తే రెండుసార్లు వడగట్టినట్టవుతుంది. గొంతుమీద దిండు అదిమినట్టు వినిపిస్తుంది. అనుకరణ శబ్దాన్ని నిజమైన గిటారు స్పీకరులోకి పంపినా అదే ఫలితం.

రెండు, రెండు ముద్రలను కలిపేటప్పుడు దూరాల తేడా. 1,000 హెర్ట్జ్‌ల శబ్దతరంగం పొడవు గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు. ఒక మైకు మరొకదానికన్నా 17 సెంటీమీటర్లు వెనుక ఉంటే ఆ స్వరం వద్ద రెండూ ఒకదానినొకటి హరించుకొంటాయి. రెండు మంచి ముద్రలు కలిసి ఒక చెడ్డ ముద్ర కావడానికి కారణం ఇదే.

మూడు, వాల్వు ఆంప్లిఫయరు ఉన్నవారు దానిని స్పీకరుగాని, దాని బదులు తగిన లోడ్ పరికరంగాని లేకుండా ఎన్నడూ మోగించరాదు. పెట్టెకు బదులు కంప్యూటరు ఉన్నది కదా అని స్పీకరు తీగ ఊడదీస్తే, లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదముంది. ఆ మరమ్మతు ఖర్చుముందు ఏ పరికరం వెలా ఎక్కువ కాదు. మా కుర్రవాడిది ట్రాన్సిస్టరు పెట్టె కనుక ఆ భయం లేకపోయింది.

నాలుగవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, చెవులు. పొరుగువారి నిద్రను కాపాడే హెడ్‌ఫోను వాయించేవాడి చెవిని తినివేయకూడదు. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల సలహా. అక్కడినుంచి ప్రతి మూడు డెసిబెల్‌లకూ ఆ వ్యవధి సగమవుతూ వస్తుంది. ఉక్కు కర్మాగారంలో చెవులకు రక్షణ పెట్టుకొని పనిచేసే తండ్రులకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లలకే చెప్పాలి.

ఆలస్యం గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. శబ్దం కంప్యూటరులోకి వెళ్లి రావడానికి పది మిల్లీసెకన్లు పట్టిందనుకొన్నా, అది నిజమైన పెట్టెకు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినదానితో సమానం. వేదికమీద అంత దూరంలో నిలబడి వాయించేవారు కోకొల్లలు.

దొరకనిది

ఇంత చెప్పినా, ఒక లోటు దాచకూడదు. కుర్రవాడు మంచి ముద్ర ఒకటి ఎంచుకొన్నాక కూడా, "బాగానే ఉంది కాని, పెట్టె ఎదుట నిలబడ్డట్టు లేదు" అన్నాడు. అతను అన్నది నిజం. తట్టుముద్ర మైకు విన్న శబ్దం, మనిషి విన్నది కాదు. ఏ మనిషీ స్పీకరుకు రెండంగుళాల దూరంలో చెవి ఆనించి వినడు. నిజమైన పెట్టె గదిలోని గాలిని కదిలిస్తుంది, గోడలనుంచి తిరిగి వస్తుంది, ఛాతీకి తగులుతుంది. ఆ గాలి గిటారు తంత్రులను తాకి వాటిని మళ్లీ కంపింపజేయడం వల్లనే స్వరం ఆగకుండా మోగుతూ పోవడం సాధ్యమవుతుంది. చెవికి బిగించిన రెండు చిన్న స్పీకర్లనుంచి ఇది ఆశించరాదు. అది ఛాయాచిత్రం. ఛాయాచిత్రంలోని మామిడిపండుకు రుచి లేదని చిత్రకారుణ్ణి నిందించి ప్రయోజనం లేదు.

అయితే, మనం రికార్డులలో విని మెచ్చుకొన్న గిటారు నాదం చాలావరకు మైకు విన్నదే. పందిరిలోనైనా, సభాభవనంలోనైనా వెనుక వరుసవారు వినేది కూడా మైకు విన్నదే. ఈ లోటు వాయించేవాడికి తెలుస్తుంది, వినేవాడికి సాధారణంగా తెలియదు. ఈ సంగతి వివరించాక కుర్రవాడి ముఖం కొంచెం తేటపడింది.

చివరకు అతను ఏం కొన్నాడు? పరికరమేదీ కొనలేదు. ఉచితంగా దొరికిన నాదిర్, దానిలో వేయడానికి నాలుగు ముద్రలు చాలుననుకొన్నాడు. వాటిలో ఒకదానికి మాత్రం కొద్ది సొమ్ము చెల్లించాడు. దాచుకొన్న డబ్బులో కొంత పెట్టి, శబ్దాన్ని దాచకుండా చెప్పే మంచి హెడ్‌ఫోన్లు కొన్నాడు. మిగిలినది తల్లి చేతికిచ్చాడు. ఆ ఏడు వినాయక చవితికి పెట్టెను మోసుకుపోకుండా, కంప్యూటరును పందిరిలోని మిక్సరుకు తగిలించి వాయించాడు. కందిరీగలు లేవు. పందిరి స్పీకర్లలో గిటారు గిటారులాగే పలికింది.

నెలాఖరు వచ్చింది. ఒకనాటి సాయంత్రం నేను వారింటిలో కూర్చొని ఉండగా తండ్రి నిద్రలేచి, కళ్లు నులుముకొంటూ ముందుగదిలోకి వచ్చాడు. కొడుకు గిటారును గుడ్డతో తుడుస్తున్నాడు. మూల పెట్టెమీద పల్చగా దుమ్ము పేరుకొని ఉంది.

"ఏరా, ఈ మధ్య బొత్తిగా వాయించడం లేదు. మానేశావా?" అని అడిగాడు తండ్రి. ఆ గొంతులో కోపం లేదు. కొంత దిగులే ఉంది.

"లేదు నాన్నా. ఇప్పుడే మూడు గంటలు వాయించాను" అన్నాడు కొడుకు.

తండ్రి ఒక్క క్షణం నిలబడి, కుర్చీ లాక్కొని కూర్చొన్నాడు. "అయితే ఆ చెవులకు పెట్టుకొనేవి ఇలా ఇయ్యి. ఏం వాయించావో వింటాను" అన్నాడు.

ఆ పెట్టెను అమ్మే మాట మళ్లీ ఆ ఇంటిలో రాలేదు.